ఇంటిపేరు, గోత్రము: సప్తపదిలో మారేది ఏది?



వివాహానంతరం స్త్రీ తన ఇంటిపేరు మార్చుకొనవలెనా, అక్కరలేదా అన్న ప్రశ్న ఇటీవలి కాలంలో దేవాలయ ప్రాంగణాలలో తరచు వినవస్తున్నది. మునుపు ఈ ప్రశ్న ఇంతగా లేదు. పెళ్ళి కాగానే ఆడపిల్ల పేరుకు ముందున్న అక్షరం మారేది. ఎవరూ అడిగేవారు కారు, ఎవరూ చెప్పేవారు కారు. నేడు అమ్మాయిలు చదువుకొని, ఉద్యోగాలలో కుదురుకొని, డిగ్రీ పట్టాల మీద, బ్యాంకు ఖాతాల మీద, పాస్‌పోర్టు మీద ఒక పేరు స్థిరపడిన తరువాత వివాహమాడుతున్నారు. అందుచేత ప్రశ్న పుట్టింది. ప్రశ్న పుట్టడం దోషం కాదు. మన ఉపనిషత్తులలో కొన్ని ప్రశ్న నుండే మొదలవుతాయి.

అయితే సమాధానం చెప్పేటప్పుడు పెద్దలలో చాలమంది ఒక మాట అంటున్నారు: "సప్తపదితో గోత్రం మారుతుంది గదా, కనుక ఇంటిపేరూ మారవలసిందే. మార్చుకొనకపోవడం శాస్త్రోల్లంఘనం." ఈ వాక్యంలో మొదటి సగం శాస్త్రం. రెండవ సగం శాస్త్రం కాదు. రెండింటినీ ఒకే ఊపిరిలో చెప్పడం వలన కలిగే అనర్థం చిన్నది కాదు. శ్రావణ శుక్రవారంనాడు వరలక్ష్మీ వ్రతానికి పీటమీద కూర్చున్న ఒక కొత్త కోడలితో, "నీ కాగితాలన్నీ ఇంకా పుట్టింటి పేరుమీదే ఉన్నవి గదమ్మా, ఈ వ్రతఫలం ఏ ఇంటికి చెందుతుంది?" అని ఒక పెద్దావిడ అనగా విన్నాను. ఆ పిల్ల చేతిలో అక్షతలు అట్లే ఉండిపోయినవి. దేవుని ఎదుట కూర్చున్న మనిషికి "నీ పూజ చెల్లదు" అన్న భయం కలిగించడం కంటె పెద్ద దోషం నాకు కనబడదు. కనుక శాస్త్రం ఎక్కడివరకు చెప్పిందో, ఎక్కడ ఆగిందో విడమరచి చూడవలసి ఉన్నది.

ముందుగా గోత్రం. విశ్వామిత్రుడు, జమదగ్ని, భరద్వాజుడు, గౌతముడు, అత్రి, వసిష్ఠుడు, కశ్యపుడు అనే ఏడుగురు ఋషులు, ఎనిమిదవవాడుగా అగస్త్యుడు, వీరి సంతతియే గోత్రమని బౌధాయనుడు నిర్వచించాడు. గోత్రం ఋషిసంబంధం. అది కర్మాధికారానికి, వివాహ నిషేధానికి, పితృకార్యానికి సంబంధించిన విషయం. వివాహంలో కన్య పితృగోత్రం నుండి భర్తృగోత్రంలో ప్రవేశిస్తుందన్నది సర్వసమ్మతం. కాని ఏ క్షణంలో ప్రవేశిస్తుందన్న విషయంలో ధర్మశాస్త్రకారులు ఏకాభిప్రాయులు కారు. పాణిగ్రహణ మంత్రాలతోనే పితృగోత్రం తొలగుతుందన్నది ఒక వచనం. ఏడవ అడుగుతో అన్నది మరొక వచనం. నాలుగవనాటి హోమంతో భర్తతో పిండంలో, గోత్రంలో, ఆశౌచంలో ఏకత్వం సిద్ధిస్తుందన్నది ఇంకొకటి. బ్రాహ్మాది వివాహాలలో భర్తృగోత్రమని, ఆసురాది వివాహాలలో పితృగోత్రమే నిలుస్తుందని భేదం చూపినవారూ ఉన్నారు. మనువు వివాహమంత్రాల పరిసమాప్తిని ఏడవ అడుగులో నిలిపాడు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా, సప్తపది ఆచారంగా ఉన్నచోట ఏడవ అడుగుతోనే వివాహం సంపూర్ణమవుతుందని తన ఏడవ సెక్షన్‌లో చెప్పింది.

ఇంత సూక్ష్మంగా క్షణనిర్ణయం చేసిన మహనీయులు ఇంటిపేరును గురించి ఒక్క విధివాక్యమైనా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? వారి దృష్టిలో అది సంస్కారవిషయం కాదు గనుక.

దీనికి నిదర్శనం కొరకు గ్రంథాలు తిరగవేయనక్కరలేదు. నిత్యం మనం చేసే సంకల్పాన్నే గమనించండి. దేశం చెబుతాము, కాలం చెబుతాము, గోత్రం చెబుతాము, నక్షత్రం, రాశి, పేరు చెబుతాము. ఇంటిపేరు ఎక్కడ? లేదు. బ్రహ్మచారి అభివాదం చేసేటప్పుడు ఋషులను, గోత్రాన్ని, సూత్రాన్ని, శాఖను, తన నామాన్ని చెబుతాడు. ఇంటిపేరు చెప్పడు. కన్యాదాన సమయంలో ఇరుపక్షాల ప్రవరలు చదువుతాము. వరుని ముత్తాత, తాత, తండ్రి, అట్లే వధువు ముత్తాత, తాత, తండ్రి, వారి గోత్రంతో సహా ముమ్మారు ఉచ్చరింపబడతారు. అక్కడా ఇంటిపేరు లేదు. అది శుభలేఖ మీద ఉంటుంది, మంత్రంలో ఉండదు. పౌరోహిత్యంలో మూడు దశాబ్దాలు దాటిన నేను ఏ దేవతకూ ఏ భక్తుని ఇంటిపేరునూ నివేదించలేదు.

మరి ఇంటిపేరు అంటే ఏమిటి? లోకవ్యవహారం కొరకు ఏర్పడిన గుర్తు. తెలుగువారి ఇంటిపేర్లలో ఎక్కువ భాగం ఊరిపేర్లే. తక్కినవి వృత్తిని బట్టి, బిరుదును బట్టి, పూర్వుడొకని లక్షణాన్ని బట్టి వచ్చినవి. ఒకే ఇంటిపేరు గలవారిలో భిన్నగోత్రాలు ఉన్నవి. ఒకే గోత్రంలో వందల ఇంటిపేర్లు ఉన్నవి. పురుషుల ఇంటిపేర్లు కూడా స్థిరమైనవి కావు. కడపలో చిరకాలం నివసించిన సరస్వతీపుత్ర పుట్టపర్తి నారాయణాచార్యులవారి పూర్వుల ఇంటిపేరు తిరుమల. చిత్రావతీ తీరాన పుట్టపర్తిలో నివసించినందువలన వారు పుట్టపర్తివారయ్యారు. ఊరు మారగా ఇంటిపేరు మారింది, ఆ మార్పుకు ఏ హోమమూ అవసరం కాలేదు. ఊరు మారినంత మాత్రాన గోత్రం మారదు. గోత్రం మారవలెనంటే వివాహమో దత్తస్వీకారమో జరగవలె, అగ్ని సాక్షి కావలె. ఈ ఒక్క భేదం గ్రహిస్తే సందేహంలో సగం తీరుతుంది.

మన రాయలసీమ గడ్డమీదనే ముగ్గురు విదుషీమణులను స్మరింతము. ఉమ్మడి కడప జిల్లా తాళ్ళపాక అన్నమాచార్యులవారి ధర్మపత్ని తిమ్మక్క సుభద్రా కల్యాణం రచించింది. సాహిత్యచరిత్రలో ఆమె తాళ్ళపాక తిమ్మక్క. అది భర్త ఇంటిపేరు, ఆ ఇంటిపేరూ ఒక ఊరి పేరే. రెండవ ఆమె మొల్ల. బద్వేలు సమీపంలోని గోపవరం ఆమె ఊరని మన ప్రాంతంలో ప్రసిద్ధి. ఆమె ఆతుకూరి మొల్ల. అది తండ్రి ఇంటిపేరు. రామాయణం రచించిన ఆ తల్లి తన్ను కేసన కుమార్తెగా చెప్పుకొన్నది. మూడవ ఆమె తరిగొండ వెంగమాంబ. ఆమె తండ్రి ఇంటిపేరు కానాల. బాల్యంలోనే వివాహమై, బాల్యంలోనే భర్తను కోల్పోయింది. లోకం ఆమెను తండ్రి ఇంటిపేరుతోనూ పిలువలేదు, భర్త ఇంటిపేరుతోనూ పిలువలేదు. తాను కొలిచిన నృసింహస్వామి వెలసిన ఊరు తరిగొండయే ఆమెకు ఇంటిపేరైంది. తిరుమలలో నిత్యం వేలమంది భుజించే అన్నప్రసాద భవనం ఆ పేరుమీదనే ఉన్నది. ఒకతె భర్త పేరుతో, ఒకతె తండ్రి పేరుతో, ఒకతె స్వామి ఊరి పేరుతో నిలిచారు. ముగ్గురి భక్తిలో తారతమ్యం చెప్పగలవారెవరు? పేరు ఏ ఇంటిదైనా వారి కవిత్వాన్ని స్వామి స్వీకరించాడు.

ఇతిహాస పురాణాలలో చూచినా ఈ స్వేచ్ఛయే కనబడుతుంది. సీతమ్మవారు వివాహానంతరమూ జానకియే, వైదేహియే, మైథిలియే. ద్రుపదుని కూతురు ఐదుగురిని వరించిన తరువాతనూ ద్రౌపదియే, పాంచాలియే. కౌసల్య, కైకేయి, గాంధారి, వీరందరికీ పుట్టింటి దేశమే పేరైనది. జగన్మాత పార్వతి, గిరిజ, హైమవతి అనే పేర్లతో తండ్రి అయిన హిమవంతుని నేటికీ తలపింపజేస్తున్నది. మరి భర్తను బట్టి పేరు లేదా? ఉన్నది. భవాని, శర్వాణి, రుద్రాణి, మృడాని, ఇంద్రాణి, వరుణాని అనే శబ్దాలను పాణిని అష్టాధ్యాయి నాలుగవ అధ్యాయంలో సాధించాడు. అమ్మవారికి పార్వతి అన్న పేరూ ఉన్నది, భవాని అన్న పేరూ ఉన్నది. సహస్రనామార్చనలో ఒకదానిని ఉంచి రెండవదానిని కొట్టివేయుము కదా! అంతేకాదు, స్వామివారు కూడ అమ్మవారి పేరుతో ఉమాపతి, శ్రీపతి, జానకీరమణుడు అయినాడు. మన సంప్రదాయంలో పేరు ఒకవైపే ప్రవహించిన ఏరు కాదు.

ఉమ్మడి కర్నూలు జిల్లా అహోబిలక్షేత్రం ఇందుకు సాక్షి. అక్కడ నరసింహస్వామి చెంచుల ఆడపడుచును వరించాడు. ఆమె చెంచులక్ష్మిగానే నేటికీ పూజలందుకొంటున్నది. కల్యాణమైనదని ఆమె పేరులోని చెంచు శబ్దం తొలగలేదు. పైగా స్వామియే అల్లుడై, కనుమ పండుగనాటి నుండి నలభై రోజులకు పైగా పారువేట పేరుతో పల్లెపల్లె తిరిగి తన కల్యాణానికి రమ్మని అందరినీ పిలుస్తున్నాడు. కడప పట్టణంలోని దేవునికడపలో ఉగాదినాడు మహమ్మదీయ సోదరులు వచ్చి వేంకటేశ్వరస్వామిని దర్శించుకొంటారు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు అన్న భావం వారిది. ఆమె పేరులోనూ పుట్టింటి గుర్తు చెక్కుచెదరలేదు. అత్తింట దేవత అయిన తరువాతనూ ఆమెవలన పుట్టింటివారు బంధువులుగా మిగిలారు. పేరు నిలవడం వలన బంధుత్వం తెగలేదు, పెరిగింది.

చరిత్రకు వచ్చినా ఇంతే. శాతవాహన చక్రవర్తి గౌతమీపుత్ర శాతకర్ణి. ఆయన కుమారుడు వాసిష్ఠీపుత్ర పులుమావి. గౌతమీ, వాసిష్ఠీ అన్నవి తల్లుల గోత్రనామాలని చరిత్రకారుల అభిప్రాయం. పులుమావి పందొమ్మిదవ రాజ్యసంవత్సరంలో నాసిక్ గుహలో శాసనం వేయించిన గౌతమీ బాలశ్రీ అప్పటికి రాజమాత, రాజుకు నాయనమ్మ. కోడలుగా వచ్చి, మనుమడు సింహాసనం ఎక్కిన తరువాతనూ ఆమె గౌతమియే. మూడవ శతాబ్దంలో నాగార్జునకొండ మహాచైత్యానికి దానాలు చేసిన చాంతిసిరి తన శాసనాలలో తాను ఇక్ష్వాకు మహారాజు చాంతమూలుని తోబుట్టువునని, ఫలానా మహాతలవరుని భార్యనని, ఫలానావాని తల్లినని మూడూ చెప్పుకొన్నది. పుట్టిల్లు, మెట్టిల్లు, కడుపుపంట, ఈ మూడింటిలో దేనినీ ఆమె దాచలేదు. బృహదారణ్యకోపనిషత్తు చివర వచ్చే ఆచార్యపరంపరలో వరుసగా తల్లిపేరుతోనే గురువులు పేర్కొనబడ్డారు. తండ్రి గోత్రం తెలియని సత్యకాముడు తల్లి జబాల పేరుతోనే గురువు ఎదుట నిలిచి బ్రహ్మవిద్యకు అర్హుడైనాడు.

"అయితే గోత్రం మారిన తరువాత పుట్టింటితో సంబంధం ముగిసినట్లే గదా" అంటారు. ఇదీ పొరపాటే. శాస్త్రం ఒక చేత్తో గోత్రం మార్చి, మరొక చేత్తో పుట్టింటిని పట్టి ఉంచింది. తల్లిదండ్రులు గతించినపుడు వివాహిత అయిన కుమార్తెకు మూడురాత్రుల ఆశౌచం విధించింది. వివాహ నిషేధం చెప్పేటప్పుడు తండ్రివైపు ఏడుతరాలు, తల్లివైపు ఐదుతరాలు లెక్కించమన్నది. మేనరికం మన దాక్షిణాత్యుల ఆచారమని బౌధాయనుడే ప్రత్యేకంగా పేర్కొన్నాడు, ఆ చర్చ వేరు. అన్నిటికంటె ముఖ్యం, మహాలయ పక్షంలో తర్పణం వదిలేటప్పుడు తండ్రి, తాత, ముత్తాతలతో మనం ఆగము. మాతామహుడు, మాతుఃపితామహుడు, మాతుఃప్రపితామహుడు అంటూ తల్లి పుట్టింటి మూడుతరాలను వారి గోత్రంతో ఉచ్చరిస్తాము. ఆశ్వయుజ శుద్ధ పాడ్యమినాడు దౌహిత్రుడు మాతామహునికి శ్రాద్ధం పెట్టవచ్చును.

మా తల్లిగారి సంగతి చెబుతాను. ఆమె కాపురానికి వచ్చిన నాటినుండి మా ఇంటిపేరుతోనే వ్యవహరింపబడింది. రేషన్ కార్డు మీద, ఓటరు జాబితాలో అదే. ఆమె పుట్టింటి ఇంటిపేరు మా పిల్లలను అడిగితే తడుముకొంటారు. కాని ఆమె తండ్రి గోత్రం, పేరు నా నోట ప్రతి మహాలయంలోనూ పలుకుతున్నవి. ప్రభుత్వ పత్రం మరచిన పుట్టింటిని దర్భ మరువలేదు. శాస్త్రమే ఇట్లు స్మరింపజేస్తుండగా, ఒక స్త్రీ తన పుట్టింటి గుర్తును పేరుముందు ఉంచుకొంటే అది శాస్త్రవిరోధమెట్లు అవుతుంది?

పురుషుని విషయంలో మనం ఎట్లు ప్రవర్తించామో చూడండి. రాయలసీమలో, నెల్లూరు ప్రాంతంలో రెడ్డి, కమ్మ మొదలైన కుటుంబాలలో ఇల్లటం అనే ఆచారం ఉన్నది. మగసంతానం లేని గృహస్థు అల్లుని ఇంటికి తెచ్చుకొని, సేద్యం అప్పగించి, కొడుకుతో సమానమైన భాగమిస్తాడు. ఇల్లటపు అల్లుడు దత్తపుత్రుడు కాడని, పుట్టింటి ఆస్తిలో అతని హక్కు పోదని న్యాయస్థానాలు ఈ ఆచారాన్ని అంగీకరించినవి. అత్తవారింట జీవితమంతా గడిపినా, "నీ ఇంటిపేరు మార్చుకో" అని అతనిని ఒత్తిడి చేసినవారిని నేను చూడలేదు. ఇల్లు మారినా పురుషునికి పేరు నిలిచినపుడు, స్త్రీకి నిలిస్తే ఇల్లు నిలవదనడం న్యాయం కాదు.

ఇక లోకవ్యవహారం. వివాహానంతరం స్త్రీ ఇంటిపేరు మార్చుకొని తీరవలెనన్న చట్టం మన దేశంలో లేదు. మార్చుకొంటే మాత్రం ఆధార్, పాన్, బ్యాంకు, పాస్‌పోర్టు, అన్నిటా మార్చవలె. చదువుల పట్టాలు పాతపేరుతోనే మిగులుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుండి, నాటికి అవివాహితలైన కుమార్తెలకు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమారులతో సమానంగా హక్కు వచ్చింది. 2005లో దేశమంతటా కుమార్తెలకు ఆ హక్కు కలిగింది. మా ఆలయానికి వచ్చే ఒక విధవరాలు తండ్రి భూమిలో తన భాగం కొరకు, పెళ్ళికి ముందటి పేరు గల మనిషీ, నేటి పేరు గల మనిషీ తానొక్కతెనే అని నిరూపించుకొనడానికి ఏడాదికి పైగా కాగితాలు పట్టుకొని తిరిగింది. నోటరీ ప్రమాణపత్రాలు చేయించింది. "స్వామీ, నేను నేనే అని చెప్పడానికి ఇంతమంది సాక్షులు కావాల్నా?" అని ఆమె అడిగిన మాట నా చెవిలో ఉన్నది. వేదాంతం చదివిన నాకు ఆ ప్రశ్న మరొక విధంగా కూడ వినబడింది, కాని ఆమెకు కావలసింది వేదాంతం కాదు, తండ్రి ఇచ్చిన రెండెకరాల మెట్టచేను.

ఇతరదేశాలూ ఈ విషయంలో ఒకే దారిన లేవు. జపానులో భార్యాభర్తలు ఒకే ఇంటిపేరు స్వీకరించి తీరవలెనని పౌరస్మృతి. ఎవరిదైనా కావచ్చునని చట్టం చెప్పినా, వందకు తొంబది మందికి పైగా మార్చుకొనేది స్త్రీలే. అక్కడి సర్వోన్నత న్యాయస్థానం 2015లోను, 2021లోను ఆ నియమాన్ని సమర్థించింది. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో 1981 నుండి స్త్రీ వివాహానంతరం కూడ పుట్టింటి పేరుతోనే వ్యవహరించవలెనని చట్టం. ఒకచోట మార్చమని నిర్బంధం, ఒకచోట మార్చవద్దని నిర్బంధం. మన ధర్మశాస్త్రం ఈ రెండు నిర్బంధాలూ లేకుండ మౌనం వహించింది. ఆ మౌనం మనకు స్వాతంత్ర్యం.

ఎదుటిపక్షాన్ని కూడ గౌరవంతో వినవలె. "ఒక ఇల్లు, ఒక దీపం, ఒక పేరు, పిల్లలకు తల్లిదండ్రులు వేర్వేరుగా కనబడరాదు" అనేవారి మాటలో ప్రేమ ఉన్నది. భర్త ఇంటిపేరును ఆనందంగా స్వీకరించిన స్త్రీలు కోట్లమంది. మా తల్లిగారు వారిలో ఒకరు, నా సహధర్మచారిణి మరొకరు. వారి స్వీకారాన్ని బానిసత్వమని ఎవరైనా అంటే అది అవివేకం. తిమ్మక్కకు తాళ్ళపాక అన్నది భారం కాలేదు. కాని ఇష్టపూర్వకంగా ఇచ్చినదే దానం, లాగుకొన్నది దానం కాదు. కన్యాదానంలో కూడ సంకల్పం లేని ధార దానం కాదు కదా.

పిల్లల విషయం చెప్పారు గనుక ఒక తెలుగు తల్లి వ్యాజ్యాన్ని స్మరించవలె. నెలల పసికందుతో భర్తను కోల్పోయి, ఆమె తరువాత పునర్వివాహం చేసుకొన్నది. బిడ్డకు కొత్త ఇంటిపేరు పెట్టుకొన్నది. మొదటి భర్త తల్లిదండ్రులు న్యాయస్థానానికి వెళ్ళారు. పూర్వపు ఇంటిపేరే పునరుద్ధరించమని హైకోర్టు ఆదేశించింది. 2022 జులై 28న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని తోసిపుచ్చి, బిడ్డకు ఏకైక సహజ సంరక్షకురాలైన తల్లికి ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఉన్నదని చెప్పింది. ఇంటిపేరు వంశసూచకం మాత్రమే కాదని, బిడ్డ తాను పెరిగే కుటుంబంలో ఒకడుగా నిలవడానికి అది ఆధారమని తెలిపింది. ఆ పెద్దల దుఃఖం నాకు అర్థమవుతుంది. పోయిన కొడుకు గుర్తుగా మిగిలింది ఆ పేరొక్కటే. కాని బిడ్డ తండ్రికి పిండోదకాలు ఇవ్వడానికి బడి రిజిస్టరులోని ఇంటిపేరు అడ్డు కాదు, ఆధారమూ కాదు.

ఈ ప్రశ్న మా ఇంటికీ వచ్చింది. మా అమ్మాయిని కడప వైపు సంబంధానికి ఇచ్చాము. ఆమె ఉద్యోగస్థురాలు. కాగితాలలో ఇంటిపేరు మార్చుకొననన్నది. వియ్యంకులు నాకు ఫోను చేసి, "బావగారూ, మీరు వేదం చదివినవారు. మీరొక మాట చెబితే అమ్మాయి వింటుంది. శాస్త్రంలో ఏమున్నదో అదే చెప్పండి" అన్నారు. కూతురి పక్షం వహించానని అనిపించుకొనడం నాకు ఇష్టం లేదు, శాస్త్రంలో లేనిది ఉన్నదని చెప్పడం అంతకంటె ఇష్టం లేదు. "బావగారూ, శాస్త్రమే చెబుతాను. ఆమె గోత్రం మీది. మీ ఇంట సంకల్పంలో మీ గోత్రంతోనే కూర్చుంటుంది. ఇంటిపేరు సంగతి శాస్త్రంలో లేదు. మీ ఇంటి ఆచారమని మీరు కోరవచ్చును, శాస్త్రం పేరుతో కోరరాదు" అన్నాను.

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "మాకు ఒక్కడే కొడుకు గదా బావగారూ. మా నాయన మోసుకొచ్చిన పేరు ఆ పిల్ల కూడ మోస్తే బాగుంటుందని ఆశ" అన్నారు. ఆ మాట విన్నపుడు నాకు ఆయనమీద గౌరవం పెరిగింది. అది ఆజ్ఞ కాదు, ఆశ. "ఆ మాటే అమ్మాయితో చెప్పండి" అన్నాను. ఆయన చెప్పారు. అమ్మాయి కాగితాలు మార్చలేదు. కాని ఇంటి గుమ్మం మీద ఇద్దరి పేర్లూ ఉన్న పలకపైన మామగారి ఇంటిపేరు పెద్ద అక్షరాలతో తానే వ్రాయించింది. వియ్యంకులు పూర్తిగా సమాధానపడ్డారని చెప్పలేను. పండుగకు మాత్రం వస్తున్నారు, ఆ గుమ్మంలోనే కూర్చుని మాట్లాడుతున్నారు.

వేదాంతులలో కొందరు, "ఆత్మకు పేరేమిటి, ఊరేమిటి? నామరూపాలు మిథ్య. ఈ వాదమంతా ఎందుకు?" అంటారు. నిజమే, ఆ అక్షరతత్త్వానికి గోత్రమే లేదని ముండకోపనిషత్తు చెప్పింది. సన్న్యాసి గోత్రాన్నీ, పేరునూ విడిచే వెళ్తాడు. అయితే పరమార్థసత్యాన్ని వ్యవహారంలో ఒకరికి మాత్రమే వర్తింపజేయడం అధర్మం. నామం మిథ్య అయితే అత్తింటి నామమూ మిథ్యయే. దానికొరకు పట్టుబట్టేవారు ఎదుటివారికి వైరాగ్యం బోధించరాదు. వ్యవహారంలో ఉన్నంతవరకు పేరు ఆమెది. దానిని ఉంచుకొనుటయో, మార్చుకొనుటయో ఆమె సంకల్పం.

కనుక నన్ను అడిగే సోదరీమణులకు నేను చెప్పేది ఇదే. సంప్రదాయ రీత్యా వివాహమైనవారు పూజలో, వ్రతంలో, సంకల్పంలో భర్తృగోత్రం చెప్పుకొనండి, అది శాస్త్రం. కాగితం మీద ఏ ఇంటిపేరు ఉన్నా అర్చకుడు అడగడు, అడిగే అధికారమూ అతనికి లేదు. మార్చుకొంటే ఆనందంగా మార్చుకొనండి, తిమ్మక్క ఉన్నది. మార్చుకొనకపోతే నిర్భయంగా ఉండండి, మొల్ల ఉన్నది. ఈ రెండు ఇళ్ళలో ఏదీ మీకు నీడ కాకపోతే, స్వామి ఊరే ఇంటిపేరైన వెంగమాంబ ఉన్నది. అత్తమామలకు నా మనవి: కోడలిచేత మీ పేరు మోయించే ముందు, ఆమె తండ్రి పేరు, తాత పేరు, గోత్రం మీరు నేర్చుకొనండి. రేపు మీ మనుమడు మహాలయంలో దర్భలు పట్టి కూర్చున్నపుడు వారిని పిలువవలసింది ఆ పేర్లతోనే.

స్వస్తి.